వాడకూడని పేర్లు

సోమవారం పొద్దున పదకొండు గంటలకు అద్దకం మిల్లు రెండో నంబరు తొట్టిలో నాలుగు వందల మీటర్ల నీలం గుడ్డ ఉడికిపోయింది. ఎనభై డిగ్రీల దగ్గర ఆగాల్సిన ఆవిరి ఆగలేదు. నీళ్ళు తెర్లి, రంగు విరిగి, పోగులు ముడుచుకుపోయాయి. చివరికి తొట్టి నెత్తిన ఉండే ఇనుప కవాటం దానంతటది పడి ఆవిరిని కట్టేసింది కాబట్టి మనుషులకేమీ కాలేదు. గుడ్డను బయటికి లాగి పరిస్తే ఒకచోట ఆకాశం, ఒకచోట బూడిద. నేల తుడుచుకోవడానికి కూడా పనికిరాదని తొట్ల దగ్గరివాళ్ళు తేల్చేశారు.

ఆ గుడ్డకు పాళ్ళు రాసింది చుక్కలక్క.

చుక్కలక్క అసలు పేరు హాజరు పట్టీ మీద తప్ప ఎక్కడా వినబడదు. పదకొండేళ్ళు తొట్ల దగ్గర నిలబడి రంగు సీసాలు వంచింది. ఒక్క చుక్క ఎక్కువైనా కంటితోనే చెప్పేది, అందుకని ఆ పేరు. ఎనిమిది నెలల కిందట పై అంతస్తులో, రంగుల గదిలో, ఆమెకు కుర్చీ ఇచ్చారు. తొట్ల దగ్గర నుంచి ఆ కుర్చీ దాకా మెట్లెక్కిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎక్కిన మూడో నెలకు ఆమె అరచేతులు పొట్టు రాలడం మానేశాయి. అత్తగారు ఆ చేతులను వెలుతురుకు పట్టి చూసి, ఇప్పుడు మనిషి చేతుల్లా ఉన్నాయి అన్నారు. ఆవిడ నోటివెంట అంతకు మించిన మెచ్చుకోలు వచ్చిన దాఖలా లేదు.

రంగుల గదిలో పనంటే రాయడమే. తొట్లన్నీ కంప్యూటరు చెప్పినట్టు నడుస్తాయి, కంప్యూటరు ఆమె రాసినట్టు నడుస్తుంది. రాసేది బ్రాకెట్ల భాషలో. ప్రతి పనికీ ముందొక బ్రాకెట్టు, వెనకొక బ్రాకెట్టు. ఒకటి మరిచిపోతే కంప్యూటరు అలిగి కూర్చుంటుంది. పదిహేనేళ్ళ కిందట ఈ ఏర్పాటంతా చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాయన్ని మిల్లులో పెద్దాయన అంటారు. తొట్ల దగ్గరివాళ్ళు కూడా రాయగలగాలని ఆయన అన్నీ మామూలు మాటలే పెట్టాడు. పెద్ద పనులకు అచ్చులు చేసిపెట్టాడు. ‘వేడెక్కించు’ అని ఒక్క మాట రాస్తే చాలు, కంప్యూటరు ఆ అచ్చును విప్పి దాన్ని పాతిక వరసలు చేసుకుంటుంది: ఆవిరి తెరువు, వేడి చూడు, ఎనభై దాటితే ఆపు, ఇలా. రాసేవాళ్ళకు ఆ పాతిక వరసలూ కనబడవు. తమకు కావలసిన చిన్న చిన్న పనులుంటే వాటికి సొంత పేర్లు కూడా పెట్టుకోవచ్చు. మీ మాటల్లో మీరు రాసుకోండి అన్నది పెద్దాయన మాట.

ఆయన అన్న మాట నిజమే గానీ, గోడ మీద ఒక కాగితం ఉంది. పైన ‘వాడకూడని పేర్లు’ అని, కింద అకారాది క్రమంలో నలభై ఒక్క పేరు. ఎప్పుడో ఎవరో తమ ఫైల్లో ఆ పేరు పెట్టుకున్నారు, ఏదో తొట్టి చెడింది, అప్పటి నుంచి ఆ పేరు ఎవరూ పెట్టుకోకూడదు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. చుక్కలక్క కుర్చీ ఎక్కిన వారంలోనే ఆ నలభై ఒక్కటీ ఎక్కాల్లా బట్టీ పట్టింది.

మంగళవారం ఇన్‌ఛార్జి ఆమెను పిలిచాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. ఎవరినీ గట్టిగా అనలేడు, ఎవరి పక్కనా నిలబడలేడు. బల్ల మీది కాగితాల అంచులు కలిపి, కలిపినవాటినే మళ్ళీ కలిపి, ఆమె రాసిన నీలం ఫైలు చూపించాడు. అందులో ఆమె ‘ఆపు’ అని ఒక సొంత పేరు పెట్టుకుంది. రంగు పోసే పంపును రెండు నిమిషాలు నిలిపి, గుడ్డను రంగు పీల్చుకోనివ్వడానికి. కింద తొట్ల దగ్గర ఉన్నప్పుడు చేత్తో చేసిన పనే, ఇక్కడ మాటతో చేయించింది.

“ఆ పేరు వాడకూడదు కదమ్మా,” అన్నాడు ఇన్‌ఛార్జి.

వాడకూడనివాటిలో అది లేదని ఆమె చెప్పింది. ఆయన లేచి, రంగుల గదిలోకి నడిచి, గోడకేసి వేలు చూపించాడు. పైనుంచి రెండో పేరే: ఆపు.

చుక్కలక్క మనసులో ఎక్కం మొదలుపెట్టింది. అద్దు, ఆరబెట్టు, ఉడుకు, ఒంపు. ఇక్కడేమో అద్దు, ఆపు, ఆరబెట్టు. పేర్లు అకారాది వరసలో ఉన్నాయి కాబట్టి కొత్తగా వచ్చింది పద్ధతి ప్రకారం వెళ్ళి పైన కూర్చుంది. చూసినవాళ్ళు ఇంత కళ్ళెదురుగా ఉన్న పేరు కనబడలేదా అంటారు. అప్పుడామె కాగితాన్ని చూసింది. నాలుగు మూలలా కొత్త టేపు మెరుస్తోంది. పాత కాగితానికి కుడిపక్క గుండ్రంగా టీ గ్లాసు మరక ఉండేది. దీనికి లేదు.

గదిలో రెండో కంప్యూటరు దగ్గర కూర్చునే ఇంజనీరు తన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ప్రోగ్రాముల మంచిచెడ్డలు చూసేది అతనే. నలభైకి దగ్గరపడ్డ మనిషి. కళ్ళజోడు తీస్తే గోడ కూడా కనబడదు కాబట్టి అందరూ కళ్ళజోడు అనే పిలుస్తారు. ప్రింటరు ఉండేది అతని బల్ల కిందే.

శనివారం యజమాని వస్తాడని, ఆయన అడిగేలోగా ఏదో ఒకటి తేల్చాలని, ఆమె మళ్ళీ కిందికి, తొట్ల దగ్గరికి వెళ్ళడానికి మనసు సిద్ధం చేసుకుంటే మంచిదని ఇన్‌ఛార్జి చెప్పాడు. తప్పుల పుస్తకంలో ఆమె పేరు అప్పటికే ఎక్కింది. చదువుకున్నవాళ్ళే తడబడే పని ఇది, నువ్వేం చేస్తావమ్మా అని ఓదార్చాడు కూడా. తప్పు నీదేనని పుస్తకంలో రాసి, నీ తప్పేం లేదని నోటితో చెప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు కడుగుతూ చుక్కలక్క చప్పుడు కాస్త ఎక్కువే చేసింది. మూతలు పళ్ళేల మీద, పళ్ళేలు గట్టు మీద పడుతున్నాయి. అత్తగారు మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి, దుప్పటి మడత ఇప్పటికీ గీత గీసినట్టు వస్తుంది.

“అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు,” అన్నారావిడ తల ఎత్తకుండా. “నా మీదైతే నాకే చెప్పు. ఆ గిన్నెలేం చేశాయి పాపం.”

నవ్వొచ్చింది చుక్కలక్కకు, వెంటనే ఏడుపూ వచ్చింది. చేతులు తుడుచుకుని వచ్చి మంచం కోడు పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. కొత్త టేపు సంగతి కూడా చెప్పింది. అత్తగారు మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. అంతా విన్నాక, నువ్వు ఏం తప్పు చేశావో వాళ్ళు చూపించారా అని అడిగారు. పేరు చూపించారని కోడలు చెప్పింది. పేరు కాదు, తప్పు చూపించారా అని ఆవిడ మళ్ళీ అడిగారు. చుక్కలక్క తల అడ్డంగా ఊపింది.

“కుర్చీ పోతే పోనీ. ఎందుకు పోయిందో ముందు తెలుసుకో,” అన్నారు అత్తగారు. “తెలియని తప్పుకు తల వంచితే, తెలిసిన తప్పులన్నీ కూడా తెచ్చి నీ నెత్తినే పెడతారు. మా వార్డులో చూడలేదా నేను.”

బుధవారం చుక్కలక్క తన కుర్చీని కళ్ళజోడు బల్ల పక్కకు ఈడ్చుకుని కూర్చుంది. అతను ముందుగానే కాగితం సంగతి ఎత్తాడు. పైనుంచి చెబితే కొత్త కాగితం ప్రింటు తీయక తప్పలేదని, రాత్రి నిద్ర పట్టలేదని ఏదో గొణిగాడు. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నిద్ర పట్టకపోతే అతని భార్య చూసుకుంటుంది. నేను చేసిన తప్పేమిటో నా కళ్ళకు చూపించు, చాలు అంది.

అతను ఆమె నీలం ఫైలు తెరిచి, ‘వేడెక్కించు’ అన్న వరస మీద పెట్టి, అచ్చును విప్పాడు. ఆమె రాసిన ఒక్క వరస తెర మీద పాతిక వరసలైంది. ఎనిమిది నెలలుగా రోజుకు పదిసార్లు రాసిన మాట కడుపులో ఏముందో ఆమె చూడటం అదే మొదలు. తొట్టి గోడ మీద మట్టం చూసుకున్నట్టే వేలు తెరకు ఆనించి ఒక్కొక్క వరసా దిగింది. పందొమ్మిదో వరస దగ్గర వేలు ఆగింది. వేడి ఎనభై దాటితే, ఆపు.

“ఈ ఆపు ఎవరిది?” అని అడిగింది.

“మీదే అక్కా.”

“నేను ఇక్కడ పెట్టలేదే.”

“మీరు పెట్టలేదు, అచ్చు పెట్టింది. ఆవిరి ఆపమని పెద్దాయన ఉద్దేశం. ఆ పనికి ఆయన ఫైల్లో ఆయన ఆపు ఒకటుంది. కానీ అచ్చు విప్పుకునేది మీ ఫైల్లో కదా. ఆపు అంటే ఎవరని అక్కడ వెతికితే మీ ఆపు దొరికింది. దాన్ని పిలిచింది.”

ఆవిరి ఆపాల్సిన చోట పంపు ఆగింది. రంగు రాక, ఆవిరి ఆగక, నీళ్ళు తెర్లాయి. చుక్కలక్క తెర మీంచి వేలు తీసింది.

“మా ఇంటికి చుట్టమొకాయన వచ్చాడనుకో,” అంది నెమ్మదిగా. “వచ్చి, తన ఇంట్లో మనిషిని పేరు పెట్టి కేకేశాడు. ఆ పేరే మా ఇంట్లో ఒకడికుంది, వాడు పలికాడు. ఆయన పని చెడింది. ఇప్పుడు మీ వాడికి ఆ పేరెందుకు పెట్టారని నన్ను తిడుతున్నారు. అంతేనా?”

కళ్ళజోడు ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. అంతే అక్కా అన్నాడు. మరి ఆ చుట్టం ఇంటిపేరు చేర్చి పిలవకూడదా అని ఆమె అడిగింది. పిలవొచ్చు. ‘యంత్రం/ఆపు’ అని రాస్తే సరి. ముందు ఇంటిపేరు, అంటే పెద్దాయన ఫైలు పేరు, మధ్యలో ఒక గీత. అప్పుడు ఆ అచ్చును ఎవరి ఫైల్లో విప్పినా అది పెద్దాయన ఆపునే పిలుస్తుంది. ఆమె ఫైల్లో ఆపు అన్న పేరు ఉన్నా ఇబ్బంది లేదు.

గోటితో పోయేదానికి ఇన్నాళ్ళూ గొడ్డలి ఎందుకు వాడారని చుక్కలక్క అడగనే అడిగింది. ఐదేళ్ళ కిందట ఒకసారి తను ఆ మాట అన్నానని, పెద్దాయన అచ్చుల మీద చెయ్యి వెయ్యొద్దని ఇన్‌ఛార్జి చెప్పాడని, మళ్ళీ ఎత్తలేదని కళ్ళజోడు ఒప్పుకున్నాడు. తొట్టి చెడినప్పుడల్లా గోడ మీద ఒక పేరు చేర్చడం తేలిక. ఒకరిని కిందికి పంపడం ఇంకా తేలిక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఊళ్ళో వింతేమీ కాదుగానీ, ఇక్కడ కాలిన చేతులొకరివి, ఆకులు పట్టుకునేవారొకరు.

“పెద్దాయన ఇల్లెక్కడ?” అని అడిగింది చుక్కలక్క.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వెళ్ళారు. కింద వాటా, ముందు చిన్న వరండా. పెద్దాయన అక్కడే పేము కుర్చీలో కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. కుట్టుకుంటున్నాడనడం కంటే, సూదిలో దారం ఎక్కించడానికి చూస్తున్నాడనడం న్యాయం. దారం కొసను నోట్లో తడిపి, సూదిని ఆకాశానికెత్తి, పక్కనుంచి పోనిస్తున్నాడు. చుక్కలక్క ఏమీ అడగకుండా సూది అందుకుని ఒక్కసారిలో ఎక్కించి ఇచ్చింది. తర్వాత ఆయన ఎదుట నేల మీదే కూర్చుని సంగతి చెప్పింది. దారి పొడవునా కట్టుకున్న మాటలన్నీ పోయి, ముందు నాలుగు వందల మీటర్ల నీలం గుడ్డ గురించే వచ్చింది.

ఆయన కోప్పడతాడనుకుంది. లేదా వయసు మీదపడ్డ మనిషి, ఏమీ గుర్తు లేదంటాడనుకుంది. రెండూ జరగలేదు.

“నాకు తెలుసమ్మాయ్,” అన్నాడు పెద్దాయన. “మొదటి ఏడాదే తెలుసు.”

గుండీ మీద రెండు కుట్లు వేసి చెప్పాడు. గుడ్డ గుడ్డకూ తడి వేరు. మందం గుడ్డ ఒక తీరున తాగుతుంది, పల్చటిది ఒక తీరున. ఆ తడి ఎంతో అచ్చుకు తెలియదు, రాసేవాళ్ళే తమ ఫైల్లో చెప్పాలి. అందుకని ‘తడి’ అన్న పేరుకు ఇంటిపేరు పెట్టకుండా వదిలాడు. ఎవరి ఫైల్లో విప్పితే వాళ్ళ తడే పలకాలని. అది మంచి ఆలోచనే. దానికి వదిలాడు కదాని, మిగతావాటికీ అలాగే వదిలేశాడు. అప్పట్లో సులువనిపించింది.

“ఒక్క కిటికీ కావాలని, ఇంటికి తలుపులే పెట్టలేదు నేను. గోడ మీద మొట్టమొదట చేరిన మూడు పేర్లూ నా చేత్తో రాసినవే. మూడుతో ఆగుతుందనుకున్నాను.”

“ఇప్పుడు నలభై రెండండి,” అంది చుక్కలక్క.

పెద్దాయన చొక్కా పక్కన పెట్టేశాడు. లేచి లోపలికి వెళ్ళి ఇన్‌ఛార్జికి ఫోను చేసి, తన అచ్చుల ఫైలు తెరవమని, అడిగిన పుస్తకాలు ఇవ్వమని చెప్పడం బయటికి వినబడింది. తిరిగి వచ్చి, అచ్చుల్లో మొత్తం అరవై పైచిలుకు పేర్లుంటాయని, వాటిలో ఏది యంత్రానిదో, ఏది రాసేవాళ్ళకు వదలాలో ఇప్పుడు తనకు గుర్తు లేదని అన్నాడు. కళ్ళజోడును చూపించి, వీడికీ తెలియదు, వీడు తొట్టిలో చెయ్యి పెట్టిన పాపాన పోలేదు అన్నాడు. నువ్వు చెప్పు, వీడు రాస్తాడు. చుక్కలక్క తలూపింది. ఆ అచ్చులను తను దిద్దడమేమిటన్న బెరుకు ఒకవైపు, తను తప్ప ఇంకెవరు దిద్దుతారన్న ధైర్యం ఒకవైపు.

శుక్రవారం పొద్దుటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అరవై మూడు పేర్లు లెక్క తేలాయి. కళ్ళజోడు ఒక్కో పేరూ చదువుతాడు, ఆమె చెబుతుంది. తెరువు, యంత్రానిది. ఒంపు, యంత్రానిది. బరువు, గుడ్డను బట్టి మారుతుంది, వదిలెయ్. ఆమె చెప్పినచోటల్లా అతను ఇంటిపేరు తగిలిస్తున్నాడు. కొన్ని పేర్ల దగ్గర ఆమెకు అనుమానం వచ్చింది. అప్పుడేం జరిగిందో చూస్తేగానీ చెప్పలేనని, తప్పుల పుస్తకం తెప్పించమంది. ఇన్‌ఛార్జి తనే తెచ్చి బల్ల మీద పెట్టి, పాత విషయాలు ఎక్కువ కెలకొద్దమ్మా అని చెప్పి వెళ్ళాడు.

పొడుగాటి పుస్తకం. ఒక్కో తప్పుకు అర పేజీ: ఏ పేరు, ఏ తొట్టి, ఎవరు రాశారు, ఏం చేశారు. అనుమానం వచ్చిన పేర్ల కోసం వెతుకుతూ ఆమె వాటిని రాసిన మనుషులను చదవసాగింది. చాలామంది ఆమె ఎరగనివాళ్ళు, మానేసి వెళ్ళిపోయినవాళ్ళు. మధ్యలో ‘నింపు’ దగ్గర ఆగిపోయింది. పదమూడేళ్ళ కిందటిది. తొట్టి పొంగి పొర్లింది. రాసినది: ఇప్పుడు నాలుగో నంబరు తొట్టి దగ్గరుండే మేస్త్రి. కింద ఇన్‌ఛార్జి గుండ్రటి చేతిరాత: రాతపనికి తగిన తెలివి లేదు, తిరిగి కిందికి పంపడమైనది.

సీసాను ఏ చేత్తో వంచాలో, ఊపిరి ఎటు తిప్పి పీల్చాలో ఆమెకు నేర్పింది ఆ మేస్త్రే. ఆయన ఈ గదిలో కూర్చున్నాడని ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. ఎవరైనా ఏ కాగితం ఇచ్చినా, నాకు బుర్ర లేదమ్మా, నువ్వే చదువు అనేవాడు. అందరూ నవ్వేవారు. ముందు ఆయనే నవ్వేవాడు. చుక్కలక్క కూడా ఎన్నోసార్లు నవ్వింది, అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది, తన మీద తనకే. పాత ఫైళ్ళలో ఆయన రాసింది ఉందేమో చూడమంది. ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. ఒక్క బ్రాకెట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మధ్యాహ్నం మూడింటికి పని అయింది. అరవై మూడులో తడి, బరువు, మందం, మూడే మూడు రాసేవాళ్ళవి. తక్కిన అరవై యంత్రానివి. గోడ మీది నలభై రెండూ ఆ అరవైలోనివే, ఒక్కటి తప్పకుండా. నమూనాలు చూసే చిన్న తొట్టిలో మూరెడు గుడ్డ వేసి, ఆమె నీలం ఫైలునే నడిపించారు. ఆమె పెట్టుకున్న ఆపును మార్చలేదు. రంగు పంపు తన వేళకు తాను రెండు నిమిషాలు ఆగింది. ముల్లు ఎనభై తాకగానే ఆవిరి ఆగింది. కళ్ళజోడు అద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

శనివారం పొద్దున్నే ఇన్‌ఛార్జి ఆమెను కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. తప్పుల పుస్తకం చివరి పేజీ తెరిచి, ఆమె పేరున్న వరస మీద స్కేలు పెట్టాడు. పెన్ను మూత తీశాడు. పరీక్షించి చూడగా పొరపాటున నమోదైందని పక్కన రాస్తే సరిపోతుందని, యజమాని కూడా ఏమీ అనడని, కుర్చీ ఎక్కడికీ పోదని చెప్పాడు. సంతోషమేనా అమ్మా అన్నాడు.

సంతోషమే. ఆ మాట అబద్ధం కాదు. నాలుగు రోజులుగా గుండె మీదున్న బండ దిగింది. అయినా ఆమె పెన్ను కొసకేసి చూస్తూ, మిగతావాళ్ళవి కూడా కొట్టేస్తారు కదండీ అంది.

ఇన్‌ఛార్జి పెన్ను ఆపాడు. వాళ్ళల్లో చాలామంది ఇప్పుడు మిల్లులోనే లేరన్నాడు. ఉన్న ఒకరిద్దరూ ఏనాడో మరిచిపోయి ఎవరి పనిలో వాళ్ళు హాయిగా ఉన్నారన్నాడు. ఆమె కదలకపోయేసరికి స్కేలు మీద చెయ్యి తీసి, ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఒక్కటి కొట్టేస్తే పొరపాటంటారు. నలభై రెండు కొట్టేస్తే, ఇన్నేళ్ళూ నువ్వేం చేస్తున్నావని తనను అడుగుతారు. తనకు ఇంకా మూడేళ్ళ ఉద్యోగం ఉంది. ఆ గొంతులో బెదిరింపు లేదు, భయమే ఉంది.

“అన్నీ తిరగదోడమంటే విచారణ వెయ్యాలి,” అన్నాడు. “అది తేలేదాకా నీదీ తేలదు. పుస్తకంలో పేరున్నవాళ్ళు పై గదిలో కూర్చోకూడదు, అది నేను పెట్టిన నియమం కాదు. ఈ నాలుగు రోజులూ యజమాని రాలేదు కాబట్టి చెల్లింది. ఒక నెల పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. ఆలోచించుకో. నీది నీకు దక్కింది కదా.”

చుక్కలక్కకు భయం వేసింది. ఒళ్ళో ఉన్న అరచేతులను చూసుకుంది. చర్మం నున్నగా, ఒకే రంగులో ఉంది. ఆరు నెలలంటే ఆ చేతులు మళ్ళీ మొదటికొస్తాయి. అత్తగారు వెలుతురుకు పట్టి చూస్తారు, ఏమీ అనరు. అనకపోవడమే కష్టం. నాది నాకు దక్కింది కదా అని తనలో తాను ఒకసారి అనుకుని చూసింది. ఆ మాటతో మెట్లు దిగి నాలుగో నంబరు తొట్టి పక్కనుంచి నడవడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

ఆమె చెయ్యి చాచి, అరచెయ్యి ఆ పేజీ మీద ఆనించింది.

“నాది కూడా కొట్టెయ్యకండి సార్. అన్నీ కలిపే చూడమనండి.”

ఇన్‌ఛార్జి పెన్ను మూత పెట్టేశాడు.  

కింద గదిలో ఆమె రబ్బరు తొడుగులు పాత మేకుకే వేలాడుతున్నాయి. లోపల దుమ్ము దులిపి తొడుక్కుని, నాలుగో నంబరు తొట్టి దగ్గరికి వెళ్ళింది. తొట్టిలో నీళ్ళు దిగుతున్నాయి. మోటార్లు ఆగి ఉన్నాయి కాబట్టి అరవకుండానే మాట్లాడుకోవచ్చు. మేస్త్రి ఎర్ర రంగు సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. ఆమెనూ, ఆమె చేతి తొడుగులనూ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“పంపేశారా అమ్మా?”

“నేనే వచ్చానన్నా,” అంది. వచ్చిన పని వాయిదా వేస్తే మళ్ళీ నోరు రాదని, అక్కడే నిలబడి మొత్తం చెప్పింది. అచ్చు సంగతి, ఇంటిపేరు సంగతి. పదమూడేళ్ళ కిందట తొట్టి పొంగడానికి ఆయన రాసింది కారణం కాదని, ఆయన పెట్టుకున్న నింపును అచ్చు తనదనుకుని పిలవడమే కారణమని చెప్పింది.

మేస్త్రి సీసా దించలేదు. 

“నేను రాసింది సరిగ్గానే ఉందా అయితే?” అని అడిగాడు.

“సరిగ్గానే ఉంది. నిన్న చదివాను. నేను అంత పొందిగ్గా రాయలేను.”

ఆయన సీసాను బల్ల మీద పెట్టాడు. తొడుగులు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టాడు. ఆ చేతులు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు, అయినా అవి చూడలేక మొహంకేసే చూసింది.

“మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చేది,” అన్నాడు మేస్త్రి. “నాకు బుర్ర లేదమ్మా, మీ అమ్మనడుగు అనేవాణ్ణి. వాళ్ళమ్మకు రావు. నాకు వచ్చేవి. పుస్తకం చూస్తుంటే జవాబు కనబడేది. అయినా చెప్పేవాణ్ణి కాదు, పైన అంతమంది చూసి లేదన్నాక మనకెక్కడి తెలివి, తప్పు చెప్పి పిల్లను పాడుచేస్తానేమోనని.”

“ఇప్పుడు చెప్పన్నా.”

“దాని చదువు పోయినేడే అయిపోయిందమ్మా,” అన్నాడు మేస్త్రి, సీసా మూత బిగిస్తూ.